నీకెలా తెలుసు? – ఐఈఎల్‌టీఎస్ దాటాక ఎదురయ్యే ఇంగ్లిష్

ఇంగ్లండ్‌లో మాస్టర్స్‌లో చేరిన కొత్తలో నా మొదటి అసైన్‌మెంట్ దిద్ది వెనక్కిచ్చారు. మార్జిన్‌లో ఒకే ప్రశ్న పదకొండు చోట్ల ఉంది: ‘హౌ డు యు నో?’ నీకెలా తెలుసు అని. గ్రామర్ తప్పులు నాకే నాలుగు కనిపించాయి గానీ, దిద్దినావిడ వాటి జోలికే పోలేదు. మార్కులు 52. ఇంటర్‌లో 90 శాతం పైన తెచ్చుకున్నవాడికి ఆ అంకె చూస్తే కాళ్లూ చేతులూ ఆడవు. టెన్త్ దాకా జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం చదివాను కాబట్టి నా ఇంగ్లిష్ చాలడం లేదని ఆ రాత్రి తేల్చేసుకున్నాను. రెండు నెలల పాటు రోజూ స్పోకెన్ ఇంగ్లిష్ వీడియోలు చూశాను. రెండో అసైన్‌మెంట్‌లోనూ అదే ప్రశ్న వచ్చింది.

మా గ్రూపులో ఒక అమ్మాయి ఉండేది, ఇంగ్లండ్‌లోనే పుట్టి పెరిగింది. ఆమె పేపర్‌లో కూడా అదే ప్రశ్న నాలుగు చోట్ల ఉందని ఒకరోజు మాటల్లో తెలిసింది. ఆమె మాట్లాడే ఇంగ్లిష్‌కి వంక పెట్టేదేముంటుంది? అప్పుడు గానీ నాకు వెలగలేదు, నేను మందు వేస్తున్న చోటు వేరు, నొప్పి ఉన్న చోటు వేరు అని.

ఇప్పుడు మన ఊళ్ల నుంచి ఇక్కడికి చదువుకోవడానికి వచ్చే పిల్లలు తమ డ్రాఫ్టులు నాకు చూపిస్తుంటారు. నేను వాటిని దిద్దను, పక్కన ప్రశ్నలు రాసిస్తాను. ఎక్కువమంది నాలాగే ఇంగ్లిష్ బాగుచేసుకోవాలని తాపత్రయపడుతున్నారు. యాక్సెంట్ గురించి, ఆర్టికల్స్ గురించి టెన్షన్ పడుతున్నారు. అసలు చిక్కు ఎక్కడుందో కాస్త నెమ్మదిగా విప్పి చూడాలి.

విదేశీ చదువుకు ముందు రాసే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో 7 బ్యాండ్ వచ్చిందంటే ఆ కష్టం చిన్నది కాదు. కానీ ఆ పరీక్ష ఏం అడుగుతుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. రైటింగ్‌లో రెండో ప్రశ్నకు 40 నిమిషాల్లో కనీసం 250 పదాలు రాయాలి. మీకు తెలిసినవాటి నుంచి, మీ అనుభవం నుంచి ఉదాహరణలు ఇవ్వమని ప్రశ్న కిందే ఉంటుంది. ఏ పుస్తకం చదవక్కర్లేదు, ఎవరి పేరూ చెప్పక్కర్లేదు. యూనివర్సిటీ అడిగే 3000 పదాల వ్యాసం దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. అక్కడ మీ సొంత అనుభవానికి చాలా సబ్జెక్టుల్లో చోటే ఉండదు. చదివిన పాతిక పరిశోధన పేపర్లలో ఎవరేమన్నారు, వాళ్ల మాటను ఎందుకు నమ్మాలి, ఎంతవరకు నమ్మాలి అన్నదే అక్కడ కావాలి. మొదటి పరీక్ష గేటు దాటించడానికి. లోపల ఆడే ఆట వేరు.

ఈ తేడాను భాషావేత్తలు ఎప్పుడో గమనించారు. కెనడాలో పనిచేసిన జిమ్ కమిన్స్ 1979లో రోజువారీ మాటల భాషకూ చదువుల భాషకూ వేర్వేరు పేర్లు పెట్టారు. ఆ దేశానికి వలస వచ్చిన పిల్లలు ఆటల్లో, క్యాంటీన్‌లో గలగలా మాట్లాడడానికి రెండేళ్లు చాలుతున్నాయి. క్లాసు పుస్తకాల భాషలో తోటి పిల్లలను అందుకోవడానికి మాత్రం ఐదు నుంచి ఏడేళ్లు పడుతోంది. ఆయన చూసింది బడిపిల్లలను. పెద్దవాళ్లకు అవే లెక్కలు వర్తిస్తాయని నేను అనను. కానీ ఈ రెండూ ఒకటి కావన్న మాట మాత్రం తెలుగు మీడియం పిల్లలు గుండెల మీద రాసుకోవాలి. గలగలా మాట్లాడే రూమ్మేట్‌ను చూసి మీరు వెనకబడ్డారని అనుకోకండి. అతనూ అసైన్‌మెంట్ దగ్గర మీ పక్కనే నిలబడి ఉంటాడు.

మరి ‘నీకెలా తెలుసు’ అన్న ప్రశ్న మనకెందుకు అంత కొత్తగా ఉంటుంది? మన చదువులో అది ఎవరూ అడగలేదు కాబట్టి. ఇంజినీరింగ్‌లో ల్యాబ్ రికార్డులు ఎలా రాశామో అందరికీ తెలుసు. సీనియర్ రికార్డు ముందేసుకుని, ఒక రాత్రిలో పది ఎక్స్‌పెరిమెంట్లు దించేసేవాళ్లం. రీడింగులు కూడా ఆయనవే. సంతకం పెట్టే సార్‌కీ తెలుసు. అది దొంగతనమని మాకెవరికీ అనిపించలేదు, మార్జిన్ గీతలు నీట్‌గా ఉన్నాయా లేదా అన్నదే చూసేవాళ్లు. టెక్స్ట్‌బుక్‌లో ఉన్నది అక్షరం పొల్లు పోకుండా రాస్తే ఫుల్ మార్కులు, సొంత మాటల్లో రాస్తే అరమార్కు కోత. పదహారేళ్లు అలా పెరిగి విమానం దిగిన పిల్లవాడికి, పక్కవాడి వాక్యం తెచ్చి రాయడాన్ని ప్లేజరిజం అంటారు, దానికి కమిటీ ముందు నిలబడాలి అంటే అన్యాయంగానే తోస్తుంది. అతని గుణంలో లోపం లేదు, అతనికి నేర్పిన ఆట నియమాలే వేరు. అయినా రూల్ రూలే. దాన్ని నేర్చుకోవాలి, త్వరగా నేర్చుకోవాలి.

ఇక్కడే నాకు బాగా బాధ కలిగించే విషయం ఒకటుంది. ఈ విద్య మనకు అసలు తెలియనిదేమీ కాదు. తెలుగు క్లాసులో నేర్చుకున్నాం, ఇంగ్లిష్ అనగానే అక్కడే వదిలేసి వచ్చాం.

‘రాజు వచ్చాడు’, ‘రాజు వచ్చాడట’, ‘రాజు వచ్చుంటాడు’. మూడింటికీ తేడా ఏమిటో మనింట్లో నాలుగేళ్ల పిల్లకి కూడా తెలుసు. మొదటిది చూసి చెప్పేది. రెండోది ఎవరో అంటే విని చెప్పేది. మూడోది బయట చెప్పులు చూసి ఊహించి చెప్పేది. సమాచారం ఎక్కణ్ణుంచి వచ్చింది, దాన్ని ఎంత గట్టిగా నమ్ముతున్నాం అన్నది క్రియ చివర్లోనే చెప్పేస్తాం. ఆ ‘అట’ లేకుండా పక్కింటి సంగతి చెబితే ‘నువ్వు చూశావా?’ అని అమ్మ వెంటనే నిలదీస్తుంది. ఇంగ్లిష్‌లో క్రియకు అలాంటి తోక లేదు. అందుకే ఆ పనిని వాళ్లు బయటి సామాన్లతో చేసుకుంటారు. ‘అట’ ఉండాల్సిన చోట రచయిత పేరు, ఏడాది. ‘ఉంటాడు’ ఉండాల్సిన చోట ‘మే’, ‘లైక్లీ’, ‘సజెస్ట్స్’ లాంటి మాటలు. సైటేషన్ అంటే వెంట్రుకలు చీల్చే రూల్ అని విసుక్కునే పిల్లలకు నేను చెప్పేది ఇదే: నువ్వు రాసిన ప్రతి వాక్యాన్నీ ఒకసారి తెలుగులో అనుకో. చివర ‘అట’ వస్తోందా? అయితే అక్కడ పేరు ఉండాలి. ‘ఉండొచ్చు’ వస్తోందా? అయితే ఆ అనుమానం ఇంగ్లిష్‌లోనూ కనిపించాలి. రెండూ రాకపోతే, అది నువ్వు కళ్లారా చూసిందో, లేదా అందరూ ఒప్పుకున్న సంగతో అయ్యుండాలి.

రచయిత మాటను చెప్పడానికి వాడే క్రియలు కూడా ఇలాంటివే. ‘అంటున్నాడు’, ‘వాదిస్తున్నాడు’, ‘నిరూపించాడు’, ‘ఒప్పుకున్నాడు’, ‘చెప్పుకుంటున్నాడు’. తెలుగులో వీటిలో ఏది ఎక్కడ వాడాలో మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఇంగ్లిష్‌లో మాత్రం అందరికీ కలిపి ‘సేస్’ అని రాసేస్తాం, కాదంటే ‘ప్రూవ్స్’ అని పెట్టేస్తాం. ‘షోస్’ అన్నారంటే ఆ మాటను మీరూ ఒప్పుకున్నట్టు. ‘క్లెయిమ్స్’ అన్నారంటే మీకు ఇంకా నమ్మకం కుదరనట్టు. ఒక్క క్రియతో మీ అభిప్రాయం పాఠకుడికి చేరిపోతుంది. మాంచెస్టర్ యూనివర్సిటీ వాళ్లు ‘అకడమిక్ ఫ్రేజ్‌బ్యాంక్’ అని ఒక వెబ్‌సైట్ నడుపుతున్నారు. ఒప్పుకోవడానికి, విభేదించడానికి, అనుమానించడానికి ఏ మాటలు వాడతారో వరసగా దొరుకుతాయి, ఉచితంగా. అవి అందరూ వాడుకునే మాటలు, వాడుకుంటే కాపీ కిందికి రాదు.

ఇక పారాఫ్రేజ్ సంగతి, అంటే ఇంకొకరి మాటను మన మాటల్లో చెప్పడం. అందరూ జారిపడే మెట్టు ఇదే కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుదాం. ఖమ్మం వైపు నుంచి వచ్చి పబ్లిక్ హెల్త్ చదువుతున్న అమ్మాయి ఒకసారి తన డ్రాఫ్ట్ తెచ్చింది. ఒక పేపర్‌లోని వాక్యాన్ని తన మాటల్లో రాశానంది. అసలు వాక్యం తెలుగులో చెప్పుకుంటే సుమారుగా ఇలా ఉంటుంది: ‘రాత్రి షిఫ్టుల్లో పనిచేసే నర్సులకు నిద్ర సరిపోకపోవడం వల్ల మందుల మోతాదు ఇవ్వడంలో పొరపాట్లు పెరిగే అవకాశం ఉంది.’ ఆమె రాసుకొచ్చింది కూడా తెలుగులో పెట్టి చూపిస్తాను: ‘నిశివేళ విధులు నిర్వర్తించు పరిచారికలకు సుషుప్తి చాలకపోవుట చేత ఔషధ పరిమాణ ప్రదానంలో దోషాలు అధికమయ్యే వీలున్నది.’

తెలుగులో చదివితే అందులో లోపం వెంటనే తెలిసిపోతోంది కదా. వాక్యం అస్థిపంజరం అదే, పైన బట్టలు మారాయి. ఇంగ్లిష్‌లో నిఘంటువు ముందేసుకుని పదానికి పదం మార్చినప్పుడు జరిగేది సరిగ్గా ఇదే. చదివేవాళ్లకు ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో మనకు తెలియదు, ఎందుకంటే ఇంగ్లిష్‌లో ఏ మాట ఏ వాక్యంలో ఇముడుతుందో చెప్పే చెవి మనకింకా రాలేదు.

నేనా అమ్మాయిని అడిగాను, స్కూల్లో పద్యానికి ప్రతిపదార్థం రాసేవాళ్లు కదా, తాత్పర్యం కూడా రాసేవాళ్లు కదా, రెండూ ఒకటేనా అని. ‘కాదన్నా, తాత్పర్యం అంటే పద్యం మూసేసి రాయాలి’ అంది. పారాఫ్రేజ్ అంటే అదే. నువ్వు రాసుకొచ్చింది ప్రతిపదార్థం. పేపర్ మూసేసి, ఇందులో ఏం చెప్పాడో ఫోన్‌లో మీ అమ్మకు తెలుగులో చెప్పు అన్నాను. ఒక్క నిమిషం ఆలోచించి చెప్పింది: ‘మందుల డోసు తప్పు పడడానికి రాత్రి డ్యూటీల్లో నిద్ర లేకపోవడం ఒక కారణం కావచ్చట.’ ఆ వాక్యాన్ని అలాగే ఇంగ్లిష్‌లో పెట్టు, ‘అట’ ఉన్నచోట రచయితల పేరు పెట్టు అన్నాను. ఆమెకు ఐదు నిమిషాలు పట్టింది.

అందులో ‘కావచ్చు’ అన్న మాట నిలబడిందని గమనించండి. అసలు రచయితలు ‘అవకాశం ఉంది’ అనే అన్నారు. మనం తొందరలో ‘పొరపాట్లు పెరుగుతాయి’ అని రాస్తే, వాళ్లు అనని మాటను వాళ్ల నోట్లో పెట్టినట్టే. కాపీ కొట్టడం కంటే ఇది చిన్న తప్పేమీ కాదు.

సొంత మాటల్లో చెప్పేశాక పని అయిపోయిందా అంటే, సగం అయింది. ఇంటర్ తెలుగు పేపర్లో సందర్భసహిత వ్యాఖ్యలు ఉండేవి. పద్యపాదం ఇచ్చేవాళ్లు. ఇది ఎవరిది, ఏ కావ్యంలోది, ఎవరు ఎవరితో ఏ సందర్భంలో అన్నారు, దాని భావం ఏమిటి అని వరసగా రాసేవాళ్లం. (మార్కుల కోసం సంస్కృతం తీసుకున్నవాళ్లకు ఈ అనుభవం తప్పిపోయింది, అది నాకు నిజంగా విచారం.) ఒక మంచి అకడమిక్ పేరా ఎముకల గూడు అదే. ఎవరన్నారు, ఏ పరిస్థితుల్లో చూసి అన్నారు, దాని అర్థమేమిటి, ఆపైన మీరేమంటారు. చివరిది లేకపోతే ఎంత చక్కగా రాసినా ‘డిస్క్రిప్టివ్’ అని, అంటే ఉన్నది వర్ణించావంతే అని, వెనక్కి వస్తుంది. ‘మోర్ క్రిటికల్ అనాలిసిస్ నీడెడ్’ అన్న వాక్యం చూడని మన విద్యార్థి ఉండడు.

‘క్రిటికల్’ అంటే మనకు వెంటనే గుర్తొచ్చేది ఆస్పత్రిలో పేషెంట్ కండిషన్. ‘విమర్శ’ అన్నా తిట్టడమే అనుకుంటాం, టీవీలో నాయకులు ఒకరినొకరు విమర్శించుకునేది అదే కాబట్టి. కానీ విమర్శ అన్న మాటకు మూలమైన సంస్కృత ధాతువుకు తాకడం, తడమడం అని అర్థం. ఒక వస్తువును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, గట్టిదా డొల్లదా అని తడిమి చూడడం. యూనివర్సిటీ అడిగేది ఈ పాత అర్థంలో విమర్శ. మన శాస్త్ర చర్చల్లో పూర్వపక్షం చెప్పకుండా సిద్ధాంతం చెప్పడం కుదిరేది కాదు. ఎదుటివాడి వాదాన్ని అతనే మెచ్చుకునేంత బలంగా చెప్పి, ఆ తర్వాత అది ఎక్కడ నిలవదో చూపించాలి. లిటరేచర్ రివ్యూ (ముందు వచ్చిన పరిశోధనలను తడిమి చూసే భాగం) అనే పేరు విని భయపడే పిల్లలకు ఈ మాట చెబితే భుజాలు కాస్త కిందికి దిగుతాయి.

నర్సుల వాక్యం దగ్గరికే వద్దాం. తడిమి చూడడమంటే ఇలాంటి ప్రశ్నలు వేయడం: వాళ్లు ఎన్ని ఆస్పత్రులు చూశారు? పొరపాట్లను ఎవరు లెక్కపెట్టారు, నర్సులే చెప్పారా, రికార్డుల్లోంచి తీశారా? రాత్రిపూట సిబ్బంది కూడా తక్కువ ఉంటారు కదా, పొరపాట్లకు నిద్ర కారణమా, పనిభారం కారణమా? ఈ మూడు ప్రశ్నలకు ఫారిన్ ఇంగ్లిష్ అక్కర్లేదు. గవర్నమెంట్ ఆస్పత్రిలో ఒక్క రాత్రి అటెండెంట్‌గా ఉన్నవాళ్లెవరికైనా తోస్తాయి. మన పిల్లలకు తోస్తాయి కూడా, పేపర్‌లో అచ్చయినదాన్ని మనమెవరం అడగడానికి అని మింగేస్తారు.

ఇంట్రడక్షన్ ఎలా రాయాలో జాన్ స్వేల్స్ అనే భాషావేత్త 1990లో ఒక నమూనా చెప్పారు. వందల పరిశోధన వ్యాసాల్లో దాదాపు అదే నడక కనిపిస్తుంది. మన భాషలో చెప్పాలంటే పొలం లెక్క. ఈ పొలం ఎందుకు ముఖ్యం, ఇప్పటిదాకా ఎవరెవరు ఎంతవరకు దున్నారు అన్నది మొదటి అడుగు. ఏ మూల బీడుగా మిగిలిపోయింది అన్నది రెండోది. ఆ మూలను ఈ వ్యాసంలో నేనెలా దున్నుతాను అన్నది మూడోది. మనవాళ్ల ఇంట్రడక్షన్లు ‘అనాదిగా మానవుడు’ అని మొదలవుతాయి, పొలం దగ్గరికి రావడానికే రెండు పేజీలు పడుతుంది.

విషయం ముందు చెప్పడం మన సంస్కృతిలో లేదని కొందరు అంటారు. రాబర్ట్ కప్లాన్ అనే ఆయన 1966లో ఒక్కో జాతి ఆలోచన ఒక్కో ఆకారంలో సాగుతుందని బొమ్మలు గీసి చూపించారు. ఇంగ్లిష్‌ది తిన్నని గీత, ఆసియావాళ్లది సుడి. ఆ బొమ్మలను తర్వాత చాలామంది గట్టిగా ఖండించారు. నేనూ ఒప్పుకోను. తెలుగు పత్రికలో వార్త ఎలా ఉంటుంది? బస్సు బోల్తా పడిందన్న సంగతి మొదటి వాక్యంలోనే ఉంటుంది, డ్రైవర్ పేరు నాలుగో పేరాలో వస్తుంది. అకడమిక్ పేరా కూడా అంతే. మొదటి వాక్యంలో సంగతి, మిగతా వాక్యాల్లో ఆధారాలు. వార్త రాస్తున్నామనుకుంటే చాలు.

పదాల గురించి ఎక్కువ చెప్పను. న్యూజిలాండ్‌లో ఎవెరిల్ కాక్స్‌హెడ్ 2000 సంవత్సరంలో ఒక జాబితా ప్రచురించారు. ఏ సబ్జెక్టు పుస్తకంలోనైనా తరచూ కనిపించే 570 పద కుటుంబాలు (ఒకే మూలం నుంచి వచ్చిన మాటల గుంపులు) అందులో ఉన్నాయి, అకడమిక్ రాతలో పదింట ఒక మాట వాటిలోదే. జీఆర్‌ఈ కోసం బట్టీపట్టిన వేల అరుదైన మాటల కంటే ఈ 570 మీ చేతికి ఎక్కువ పనికొస్తాయి.

రాతల్లో పోలికలు పట్టే సాఫ్ట్‌వేర్ టర్నిటిన్ మీద ఎన్ని అపోహలున్నాయో లెక్కలేదు. ‘అన్నా, పదిహేను శాతం వచ్చింది, సేఫేనా?’ అని రాత్రి పన్నెండింటికి మెసేజ్‌లు వస్తాయి. ఆ సాఫ్ట్‌వేర్ చెప్పేది మీ రాతలో ఎంత భాగం వేరే రాతలతో కలుస్తోందో, అంతే. అది దొంగతనమా కాదా అన్నది మనిషి చూసి తేలుస్తారు. రెఫరెన్సుల జాబితా, కొటేషన్లు కూడా ఆ శాతంలో కలవొచ్చు. 25 శాతం ఉన్నా అన్నీ సరిగ్గా చూపించి ఉంటే భయం లేదు. 4 శాతమే ఉన్నా, ఆ నాలుగూ ఒకే పేరాలో ఉండి పేరు చెప్పకపోతే ప్రమాదం.

వాట్సాప్ గ్రూపుల్లో అసైన్‌మెంట్ రాసిపెడతామని వచ్చే మెసేజ్‌ల గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. అలాంటి సేవలు అమ్మడం, వాటికి ప్రకటనలివ్వడం ఇంగ్లండ్‌లో 2022 నాటి చట్టం ప్రకారం నేరం. అమ్మేవాడిపై కేసు ఎప్పుడవుతుందో గానీ, కొన్న విద్యార్థి మీద యూనివర్సిటీ చర్య తప్పదు. డబ్బు తీసుకున్నవాడే తర్వాత ఆ సంగతి బయటపెడతానని బెదిరించి మళ్లీ మళ్లీ గుంజుతాడు. ఇల్లు తాకట్టు పెట్టి పంపిన నాన్న ముఖం గుర్తు తెచ్చుకుని ఆ నంబర్ బ్లాక్ చేయండి. ఇక ఏఐ టూల్స్ సంగతి. ఎంతవరకు వాడొచ్చన్నది ఒక్కో మాడ్యూల్‌లో (కోర్సులోని ఒక్కో సబ్జెక్టులో) ఒక్కోలా ఉంటుంది, హ్యాండ్‌బుక్ చూడండి, అర్థం కాకపోతే ముందే అడగండి. అవి ఇచ్చే రెఫరెన్సుల్లో లోకంలో లేని పేపర్లు ఉంటాయి, అది నా కళ్లతో చూశాను. మీ డ్రాఫ్టులన్నీ తేదీలతో దాచుకోండి. అనుమానం వచ్చి పిలిచినప్పుడు మీ తరఫున మాట్లాడేవి అవే.

మార్కుల భాష కూడా వేరు. మాస్టర్స్‌లో సాధారణంగా 50 వస్తే పాస్, 60 మెరిట్, 70 డిస్టింక్షన్. 80 దాటడం అరుదు. 64 వచ్చిందని ఇంటికి ఫోన్ చేస్తే ‘అరవై నాలుగేనా?’ అంటారు. ముందే అమ్మానాన్నలకు ఈ లెక్క చెప్పి పెట్టండి, మీకూ సగం టెన్షన్ తగ్గుతుంది.

గంటల లెక్క ఇంకా ముఖ్యం. ఇక్కడ ఒక క్రెడిట్ అంటే పది గంటల చదువు. మాస్టర్స్‌కి 180 క్రెడిట్లు, అంటే 1800 గంటలు. 20 క్రెడిట్ల మాడ్యూల్‌కి 200 గంటలు. నా కోర్సులో అలాంటి మాడ్యూల్‌కి క్లాసు ఉన్నది 24 గంటలే. వారానికి రెండు గంటలే క్లాసు అని సంబరపడి, వీసా అనుమతించే 20 గంటల పార్ట్‌టైమ్‌తో పాటు మిగతాదంతా నిద్రకు ఇచ్చేశాను. ఆ మిగిలిన 176 గంటలూ సెలవు కాదని, చదువంతా అక్కడే ఉందని నాకెవరూ చెప్పలేదు. ఆ గంటల్లో చేయాల్సింది చదవడం. నవల చదివినట్టు మొదటి నుంచి చివరిదాకా కాదు. ముందు అబ్‌స్ట్రాక్ట్ (పేపర్ మొదట్లో ఉండే సారాంశం), తర్వాత చివరి పేజీ, తర్వాత బొమ్మలూ టేబుళ్లూ. ఇది నాకు పనికొస్తుందా అని తేలాకే లోపలికి. పేజీని నిలువుగా గీత గీసి, కుడివైపు వాళ్లేమన్నారో, ఎడమవైపు నాకు వచ్చిన ప్రశ్నలేమిటో రాసుకునే అలవాటు చేసుకోండి. కార్నెల్ యూనివర్సిటీలో వాల్టర్ పాక్ ప్రచారం చేసిన పద్ధతిని నేను కాస్త మార్చుకున్నాను. ఎడమవైపు ఖాళీగా మిగిలిన పేజీ చూస్తే, ఆరోజు కళ్లు చదివాయి గానీ మనసు చదవలేదని తెలిసిపోతుంది.

రాత తర్వాత మాట. సెమినార్‌లో మనవాళ్లు వెనక వరసలో కూర్చుంటారు. తెలియక కాదు. సార్ మాట్లాడుతుంటే మధ్యలో నోరు తెరవడం మర్యాద కాదని పెంచారు. ఇక్కడ ఆ మౌనాన్ని చదవకుండా వచ్చారని అర్థం చేసుకుంటారు. ఇంకో చిన్న ఇబ్బంది, మన ఇంగ్లిష్‌లో కొన్ని మాటలకు ఇక్కడ వేరే అర్థం ఉంది. ‘ఐ హావ్ ఎ డౌట్’ అంటే మనకు ఒక సందేహం అడగాలని. బ్రిటిష్ చెవికి, మీరు చెప్పింది నాకు నమ్మకంగా లేదని వినిపించవచ్చు. ‘క్వశ్చన్’ అనండి. ‘పాసవుట్ 2021’ అంటే స్పృహ తప్పి పడిపోయారా అనుకుంటారు. మన ఇంగ్లిష్ తప్పని కాదు, కోట్లమంది మాట్లాడే ఇంగ్లిష్ అది. వినేవాళ్లకు అందాలి కదా, అందుకని. యాక్సెంట్ మార్చుకోవడానికి ప్రయత్నించకండి, వేగం తగ్గించండి. ఇంగ్లిష్ మాటలో ఒక అక్షరాన్ని ఊనిక పెట్టి నొక్కి పలుకుతారు, మనం అన్నిటినీ సమానంగా, గబగబా పలుకుతాం. ప్రెజెంటేషన్‌కి ముందు మీ పది ముఖ్యమైన మాటల్లో ఊనిక ఎక్కడుందో నిఘంటువు యాప్‌లో విని, పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. పది చాలు.

లెక్చరర్లకు మెయిల్ రాసేటప్పుడు ‘రెస్పెక్టెడ్ సార్’ అక్కర్లేదు. ఆఫీస్ అవర్స్ అని బోర్డు ఉంటే ఆయన వేరే పనిలో ఉంటారని నేను రెండు టర్ములు వెళ్లలేదు. అది మనకోసం తలుపు తీసి పెట్టే సమయమని ఆ తర్వాత తెలిసింది.

ఖమ్మం అమ్మాయి సంగతి మధ్యలో ఆపాను. ఐదో వారం దాకా సెమినార్‌లో ఒక్క మాటా మాట్లాడలేదు. ప్రతివారం ఒక్క వాక్యం, ముందే రాసుకుని, మొదటి పది నిమిషాల్లోనే చెప్పేయమన్నాను, ఆలస్యమైతే ధైర్యం జారిపోతుందని. ఆ వారం నర్సుల పేపరే చర్చకు వచ్చింది. ఆమె నోట్‌బుక్‌లో ఎడమవైపు తెలుగులో రాసుకుంది: ‘వీళ్లు చూసింది ఒక్క ఆస్పత్రినే కదా, రాత్రి పేషెంట్‌కి ఎంతమంది నర్సులున్నారో ఎందుకు చెప్పలేదు?’ దాన్ని ఇంగ్లిష్‌లో పెట్టి, చేయి పైకెత్తి అడిగిందట. ట్యూటర్ వెంటనే జవాబివ్వలేదట. బోర్డు దగ్గరికి వెళ్లి ఆ ప్రశ్న రాసి, మిగతావాళ్ల వైపు తిరిగి, దీనికి ఎవరు జవాబు చెప్తారు అన్నారట. గంట అయ్యేదాకా దాని మీదే మాట్లాడుకున్నారట. ఆ సాయంత్రం ఫోన్ చేసి ఇదంతా చెప్పి, చివర్లో అడిగింది, ‘అన్నా, నా అసైన్‌మెంట్‌లో నా ప్రశ్నే నేను రాసుకోవచ్చా, దానికి కూడా ఎవరి పేరైనా పెట్టాలా?’ అని.